సంచిలో రెండు తూకపురాళ్లు

ఒక వేసవి ఆదివారం దివ్యపూజ ముగిసింది. పలాసకు దగ్గరలోని ఒక విచారణ గుడి ముంగిట ముగ్గురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఒకరు ఉద్దానంలో జీడితోట ఉన్న పెద్దాయన. రెండో ఆయన చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే యువకుడు. మూడో ఆమె అలాంటి ఫ్యాక్టరీలోనే పిక్కలు కొట్టే కూలీ. ముగ్గురూ ఒకే పీఠం ముందు మోకరించినవారే, ఒకే దివ్యసత్ప్రసాదం స్వీకరించినవారే.

"ఏటల్లుడూ, మీ గోదాముకి మళ్లీ ఓడ పిక్కలొచ్చాయంట. ఇంక మా పిక్కలు ఎవులు కొంతారు?" అన్నాడు పెద్దాయన.

"ఏం సేత్తాను మావా? మీ పిక్క మూడు నెలలే వస్తాది. మిగతా నెలలు పొయ్యి ఆర్పేసి కూకోమంతావా?" అన్నాడు యువకుడు.

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది: "మీ తగూ బాగుంది గానీ బాబూ, ఉద్దానం పిక్కయినా, ఓడ పిక్కయినా నా సేతికి జీడి ఒక్కలాగే కాలుతాది. కూలీ గూడా ఒక్కలాగే ఉంది."

ఇద్దరూ నవ్వేశారు. ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ మాటలు చాలా రోజులు మనసులో మెదులుతూనే ఉన్నాయి. దేశానికీ దేశానికీ మధ్య జరిగే వ్యాపారంలో న్యాయమంటే ఏమిటి? అది ఢిల్లీలోని పెద్దలకూ, ఆర్థిక శాస్త్రవేత్తలకూ సంబంధించిన విషయమని మనం అనుకుంటాం. కాని అది మన గుడి ముంగిటే నిలబడి ఉంది. కాబట్టి ఈ వారం ఆ విషయాన్నే కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

జీడిమామిడి మనది కాదు

ముందుగా ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. మనం తరతరాలుగా మనదే అనుకుంటున్న జీడిమామిడి చెట్టు నిజానికి మనది కాదు. దాని పుట్టిల్లు బ్రెజిల్. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు దాన్ని మన దేశానికి తెచ్చారు. అదే పోర్చుగీసువారు ఆఫ్రికా తూర్పు తీరంలోని మొజాంబిక్‌లో కూడా నాటారు. ఇసుక నేలల్లో బతికే గుణం ఉన్నది కనుక కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కొబ్బరికి తోడుగా అది కూడా మనకు కూడుపెట్టే చెట్టయింది. పలాస-కాశీబుగ్గ జంట పట్టణంలో చిన్నా పెద్దా కలిపి వందల సంఖ్యలో జీడిపప్పు ఫ్యాక్టరీలు వెలిశాయి.

ఈ ఫ్యాక్టరీలకు ఉద్దానం పిక్క చాలదు. అందుకని ఐవరీ కోస్ట్, ఘనా, టాంజానియా వంటి దేశాల నుంచి పిక్కలు ఓడల్లో వస్తాయి. వాటిని ఇక్కడ కాల్చి లేదా ఆవిరి పట్టి, కొట్టి, పొట్టు తీసి, గుండు, బద్ద, ముక్క అని వేరుచేసి దేశమంతటికీ పంపుతారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన తీరాన్ని తాకి తోటలకు తోటలనే నేలకూల్చింది. కొత్తగా నాటిన జీడిమొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అలాంటి కాలంలో బయటి పిక్క అసలే రాకపోతే పప్పు కొట్టే ఆడవాళ్ల పొయ్యిలో పిల్లి లేచేది కాదు. కనుక ఆ యువకుడు చెప్పినదాంట్లో నిజముంది.

పెద్దాయన మాటలోనూ నిజముంది. 80 కిలోల బస్తాకు 16 వేల రూపాయలు ఇవ్వాలని 2023లో ఉద్దానం రైతులు ఆందోళన చేశారు. అప్పట్లో వారికి దక్కింది దానికి చాలా తక్కువ. విదేశీ పిక్క దిగినకొద్దీ మా పిక్క ధర పడిపోతోందన్నది వారి ఆవేదన.

ఏ తలుపు తెరిచాం, ఏ తలుపు మూశాం?

ఇక్కడ ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. 2018 బడ్జెట్‌లో పచ్చి పిక్కలపై దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించింది. 2019 జూన్‌లో తయారైన పప్పు విషయంలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పని చేసింది. గుండుపప్పు కిలో 720 రూపాయలకన్నా, ముక్క 680 రూపాయలకన్నా తక్కువ ధరకు దిగుమతి చేసుకోవడానికి వీల్లేదని కట్టుబాటు చేసింది. అంటే పిక్కకు తలుపు బార్లా తెరిచి, పప్పుకు తలుపు వేసినట్టు. ముడి సరుకు లోపలికి రావాలి, పనితనం మాత్రం మన దగ్గరే ఉండాలి అన్నది దీని భావం. ఫ్యాక్టరీకీ, అందులోని కూలీకీ ఇది రక్షణ. తోట ఉన్న రైతుకు మాత్రం తెరిచిన తలుపు దగ్గర కూర్చున్నట్టు అయింది.

దీన్ని తప్పనడానికి ముందు మన పాత కథ ఒకటి తలుచుకోవాలి. తెల్లదొరల కాలంలో మన పత్తిని ఓడలకెత్తి, మాంచెస్టర్ మరబట్టను తెచ్చి మన మీద రుద్దారు. మగ్గం మూలపడింది. మన పత్తి, మన చేతులు, మన బట్ట కావాలని స్వదేశీ ఉద్యమం లేచింది. మన జిల్లాలోని పొందూరు ఖద్దరు ఆ గౌరవానికి ఇప్పటికీ గుర్తుగా నిలిచింది. ఆనాడు మనం అడిగింది న్యాయమే.

మరి ఈనాడు ఆఫ్రికా రైతు బిడ్డలు అదే అడిగితే? బెనిన్ ప్రభుత్వం 2024 ఏప్రిల్ 1 నుంచి పచ్చి పిక్కల ఎగుమతిని నిలిపివేయాలని నిర్ణయించింది. మా పిక్క మా దేశంలోనే పప్పు కావాలి, మా ఆడబిడ్డలకే ఆ పని దొరకాలి అన్నది వారి ఉద్దేశం. ఆ వార్త విని పలాసలో ఎవరైనా 'ఇదేం అన్యాయం' అని ఉంటే, పొందూరు మగ్గం వైపు ఒకసారి తిరిగి చూడాలి.

మొజాంబిక్ కథ ఇంకా బాధాకరమైనది. అక్కడ ఒకప్పుడు జీడిపప్పు ఫ్యాక్టరీలు ఉండేవి. పచ్చి పిక్క దేశం దాటిపోకుండా ఎగుమతిపై సుంకం విధించేవారు. 1990 దశకంలో ప్రపంచ బ్యాంకు ఒత్తిడిపై ఆ సుంకాన్ని తగ్గించారు. పిక్కలు ఓడలెక్కి భారతదేశానికి వచ్చాయి. అక్కడి ఫ్యాక్టరీలు మూతపడి, వేలాదిమంది పని పోగొట్టుకున్నారు. వారిలోనూ ఆడవాళ్లు చాలామంది. రైతుకైనా పెద్దగా మేలు జరిగిందా అంటే, అదీ స్వల్పమేనని ఆ తర్వాత లెక్కలు తీసిన ఆర్థిక శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశంలో పొయ్యి వెలిగినప్పుడు సముద్రానికి అవతల ఒక పొయ్యి ఆరింది. మనం ఎవరమూ దొంగతనం చేయలేదు. డబ్బిచ్చే కొన్నాం. అయినా ఆ పొయ్యి ఆరింది.

బియ్యం వారి కుండలో, మినుములు మన రుబ్బురోలులో

ఆ దేశాలకు మన నుంచి ఏం వెళుతుందో తెలుసా? బియ్యం. కాకినాడ రేవు నుంచి బెనిన్, ఐవరీ కోస్ట్ వంటి పశ్చిమాఫ్రికా దేశాలకు ఉప్పుడు బియ్యం, నూకలు ఓడల్లో వెళతాయి. ప్రపంచంలో దేశాల మధ్య జరిగే బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం మన దేశానిదే. 2022 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూకల ఎగుమతిని ఆపింది. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యాన్నీ ఆపింది. దేశంలో ధర పెరిగి పేదలకు ఇబ్బంది కలుగుతుందన్నది కారణం. తర్వాత ఆ ఆంక్షలను ఎత్తివేశారు. కాని ఆ నెలల్లో, మన బియ్యాన్నే నమ్ముకున్న పేద దేశాల బజారులో గింజ ధర ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు ఇంకా దగ్గరి పొరుగుకు వద్దాం. మన తీరానికి ఎదురుగా, బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున ఉన్నది బర్మా, నేటి మయన్మార్. మన తాతలకు అది 'రంగం'. కళింగపట్నం, గోపాలపూర్, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి మన జిల్లాల వారు వేలల్లో రంగూన్ వెళ్లారు. రేవులో మూటలు మోశారు, వరికోతలు కోశారు, రిక్షాలు లాగారు. అక్కడివారు వారిని 'కొరంగీలు' అన్నారు. అటు నుంచి బియ్యం, టేకు ఇటు వచ్చేవి. ఇటు నుంచి మనుషులు అటు వెళ్లేవారు. సరుకు ఒకవైపు, చెమట ఒకవైపు. రెండు పొరుగు దేశాల మధ్య వ్యాపారమంటే మన వాకిట్లో అదే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. యజమానులు వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. కొద్దిరోజులకు తెలుగువారితో రాజీ కుదిరింది. వెంటనే బర్మా కూలీలను పొమ్మన్నారు. ఆకలితో వచ్చి, పని దొరికిందని సంతోషించి, అంతలోనే వెళ్లగొట్టబడినవారికి కోపం వచ్చింది. అది యజమానిపై చూపలేక తెలుగు కూలీలపై చూపారు. రంగూన్ వీధుల్లో రక్తం పారింది. మనవాళ్లు చాలామంది చనిపోయారు. కూలి తక్కువిచ్చిన చేయి మాత్రం ఎవరికీ కనబడలేదు. ఇద్దరు పేదలు ఒకరినొకరు శత్రువులనుకున్నారు.

ఆ తర్వాత 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కొండలూ అడవులూ దాటి కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో రాలిపోయినవారికి లెక్కలేదు. 1962లో సైనిక ప్రభుత్వం ఏర్పడి, దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేశాక మరో విడత జనం ఉత్తచేతులతో ఓడలు దిగారు. విశాఖలో నేటికీ బర్మా క్యాంపు అనే పేరు ఉన్నది.

ఇదంతా పాతకథ అనుకోవద్దు. మన ఇంట్లో ఇడ్లీకి నానబోసే మినుములు తరచు బర్మా నుంచి వచ్చినవే. మన దేశం దిగుమతి చేసుకునే మినుముల్లో ఎక్కువ భాగం అక్కడివే. బర్మా రైతు మినుములు పండించేది తన తిండికి కాదు, మన రుబ్బురోలు కోసం. 2017 ఆగస్టులో మన దేశంలో పప్పుధాన్యాల ధర పడిపోయింది. మన రైతును కాపాడడానికి ప్రభుత్వం హఠాత్తుగా దిగుమతిపై పరిమితి విధించింది. ఏడాదికి కందులు 2 లక్షల టన్నులు, మినుములు పెసలు కలిపి 3 లక్షల టన్నులు మించరాదని ఆజ్ఞ. బర్మాలో ధర కుప్పకూలింది. మనం కొంటామని నమ్మి విత్తినవాడి పంట ఇంట్లోనే ఉండిపోయింది.

మన రైతును కాపాడుకోవడం తప్పా?

తప్పు కాదు. ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడుకోవాలి. తన ఇంటివారిని పోషించనివాడు విశ్వాసాన్ని విడిచినవాడితో సమానమని పునీత పౌలు తిమోతికి రాసిన మొదటి లేఖ (5:8) హెచ్చరిస్తుంది. తండ్రి మొదట తన పిల్లలకే అన్నం పెడతాడు. ప్రభుత్వం మొదట తన ప్రజల ఆకలే చూస్తుంది. గుజరాతులోనో రాయలసీమలోనో మినుము రైతు ఉరితాడు వైపు చూస్తుంటే, పొరుగు దేశపు రైతు గురించి మాట్లాడడం తేలికైన పుణ్యం. ఉద్దానం పెద్దాయన కడుపు కాలి అడుగుతుంటే ఆయనకు మొజాంబిక్ కథ చెప్పి నోరు మూయించడం కూడా అన్యాయమే.

మరి న్యాయం ఎక్కడ ఉంది? ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం (13-16) చదవండి. సంచిలో బరువైనదొకటి, తేలికైనదొకటి రెండు రకాల తూకపురాళ్లు ఉంచుకోరాదని అక్కడ దేవుని ఆజ్ఞ. దొంగతూకం తూచవద్దని మాత్రమే కాదు, ఆ రెండు రాళ్లనూ సంచిలో ఉంచుకోనే వద్దని. ఎందుకు? ఉంటే చేయి దానంతట అదే అటు వెళుతుంది. కొనేటప్పుడు బరువైన రాయి, అమ్మేటప్పుడు తేలిక రాయి బయటికి వస్తుంది.

మన సంచి ఒకసారి వెతుక్కుందాం. ముడి సరుకు పోగొట్టుకున్నప్పుడు స్వదేశీ అన్నాం. పరాయివాడు తన ముడి సరుకు దాచుకుంటే అన్యాయం అంటాం. మన బియ్యం ఆపితే ఆహార భద్రత, వాళ్ల పిక్క ఆపితే మోసం. మన ఉద్దానం కుర్రాళ్లు గల్ఫు దేశాలకో, సింగపూరుకో పనికి వెళితే కుటుంబం నిలబడిందని దేవునికి కృతజ్ఞత చెబుతాం. ఒడిశా నుంచో బీహారు నుంచో కూలీ మన ఊరికి వస్తే మా కూలి పాడుచేస్తున్నాడని కసురుకుంటాం. ఇవి రెండు రాళ్లు. దేశాల సంచిలో ఉన్నవే మన సంచిలోనూ ఉన్నాయి.

తనవారిని ముందు చూసుకోవడం ప్రేమలో ఒక క్రమం. కాని తనకొక ధర్మం, ఎదుటివాడికొక ధర్మం అనడం అధర్మం. ఈ రెండింటికీ మధ్య ఉన్న గీతను మనం మరచిపోకూడదు.

ఇద్దరూ ఒప్పుకుంటే చాలునా?

బజారులో ఒక మాట వింటాం: వాడు అమ్మాడు, నేను కొన్నాను, ఇద్దరికీ ఇష్టమే, మధ్యలో పాపమెక్కడిది? 13వ లియో జగద్గురువులు 1891లో వెలువరించిన రేరుమ్ నోవారుమ్ విశ్వలేఖ ఈ మాటకు జవాబు చెప్పింది. ఆకలితో ఉన్న కూలీ ఎంత తక్కువకైనా ఒప్పుకుంటాడు, ఆ ఒప్పుకోలు మాత్రాన ఆ కూలి న్యాయమైపోదని బోధించింది. 1967లో 6వ పౌలు జగద్గురువులు పొపులోరుమ్ ప్రోగ్రెస్సియో విశ్వలేఖలో అదే సూత్రాన్ని దేశాలకు వర్తింపజేశారు. బలవంతుడూ బలహీనుడూ చేసుకునే వ్యాపార ఒప్పందం, ఇద్దరూ సంతకం పెట్టినంత మాత్రాన న్యాయమైనది కాదని వారి ఉపదేశం. పిక్కలు కొట్టే ఆమె కూలి, బెనిన్ రైతు పిక్క ధర ఒకే తూకంలో తూగాలని దీని అర్థం.

మంచి సమరీయుని కథ మనందరికీ కంఠస్థమే (లూకా 10:25-37). 2020లో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఫ్రతెల్లి తుత్తి విశ్వలేఖలో ఒక అధ్యాయమంతా ఈ కథకే కేటాయించారు. అందులో మనం పెద్దగా గమనించని ఒక చిన్న వ్యాపారం ఉంది. సమరీయుడు పూటకూళ్లవానికి రెండు దీనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. యూదులకూ సమరీయులకూ పొత్తులేదు. పొరుగు ప్రాంతాలవారే, కాని పగవారు. అయినా ఒక పరాయివాడి మాట నమ్మి పూటకూళ్లవాడు గాయపడినవాణ్ణి ఉంచుకున్నాడు. ఆ సమరీయుడు తిరిగి రాకపోతే? ఆ వైద్యం మధ్యలో ఆగిపోయేది. పొరుగువాడు నమ్మి విత్తిన తర్వాత మాట మార్చడం ఎంత పెద్ద గాయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

తన రైతును కాపాడే ప్రభుత్వం ఆ పనే ముందుగా చెప్పి చేయవచ్చు. అలా చేయడం సాధ్యమేనని కూడా రుజువైంది. 2021లో మన దేశం మయన్మార్‌తో ఒక అవగాహన కుదుర్చుకుంది. 2021-22 నుంచి 5 సంవత్సరాలపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు తీసుకుంటామని చెప్పింది. ఎంత కొంటామో ముందే తెలిస్తే అక్కడి రైతు అంతే విత్తుతాడు. ఇక్కడి రైతు తన లెక్క తాను వేసుకుంటాడు. ఇది దానం కాదు. మాట మీద నిలబడడం.

మన గుడి ముంగిటికి తిరిగి వద్దాం

దేశాల సుంకాలు మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

ఫ్యాక్టరీ నడిపే సోదరులారా, ఈ ఏడు బయటి పిక్క ఎంత తెస్తారో, ఉద్దానం పిక్కకు ఎంత ధర ఇవ్వగలరో తోట కాపుకు రాకముందే రైతులకు చెప్పగలరా? ఆ మాట మీద నిలబడగలరా? రైతు సోదరులారా, తడి పిక్కనూ, తాలు పిక్కనూ బస్తా అడుగున పెట్టకుండా, మీరు కోరే న్యాయమే మీ బస్తాలోనూ ఉంచగలరా? తోటలో పనిచేసే కూలికి మీరిచ్చేదీ ఒకసారి లెక్క చూడండి.

ఇద్దరూ కలిసి ఆ మూడో మనిషిని చూడండి. ఆమె ఎవరి పక్షమూ కాదు. పిక్క ఏ దేశానిదైనా జీడి ఆమె చేతినే కాలుస్తుంది. రంగూన్ రేవులో మన తాతలు చేసిన తప్పు మనం చేయవద్దు. పేదవాడి పక్కన నిలబడిన మరో పేదవాణ్ణి శత్రువుగా చూడడమే ఆ తప్పు. ఉద్దానం రైతుకు ఆఫ్రికా రైతు శత్రువు కాడు. ఇద్దరి పిక్కకూ ధర కట్టేది మరొకరు.

పాపసంకీర్తనానికి వెళ్లేముందు ఆత్మపరీక్షలో మనం చాలా సంగతులు తలుచుకుంటాం. ఇకమీద దీన్ని కూడా చేర్చుకుందాం: ఈ వారం నేను కొన్నదాన్ని, అమ్మినదాన్ని, ఇచ్చిన కూలిని ఒకే రాయితో తూచానా? నేను అవతలి ఒడ్డున ఉండి ఉంటే ఈ బేరం నాకు సమ్మతమయ్యేదా?

వచ్చే ఆదివారం కానుకల సమర్పణ వేళ గురువు అప్పాన్నీ ద్రాక్షరసాన్నీ ఎత్తినప్పుడు, అవి భూమి ఫలమనీ మనుషుల శ్రమ ఫలమనీ గుర్తుచేసుకుందాం. ఏ భూమి, ఏ మనుషులు అని అక్కడ ఎవరూ అడగరు. ఆ పీఠం మీద అందరి శ్రమా ఒక్కటే తూకం. ఆ తూకాన్ని మన ఇళ్లకూ, కళ్లాలకూ, ఫ్యాక్టరీలకూ తీసుకువెళ్లే మనసు ప్రభువు మనకు దయచేయుగాక.